షేర్లు వచ్చినా పాఠకులు ఎందుకు నిలవరు? తెలుగు బ్లాగులకు ఉచిత సాధనాలతో ఒరిగేదేమిటి

క్లుప్తంగా: సోషల్ మీడియా నుంచి బ్లాగుకు వచ్చే ట్రాఫిక్ ఒక్కసారి ఎగసి, ఒకటి రెండు రోజుల్లో పడిపోతుంది. పాఠకుణ్ని తమ దగ్గరే ఉంచుకోవడం మీదే ఆ వేదికల ఆదాయం ఆధారపడి ఉండటం దీనికి కారణం. సెర్చ్ నుంచి వచ్చే ట్రాఫిక్ ఆలస్యంగా మొదలవుతుంది కానీ ఏళ్ల తరబడి సాగుతుంది. తెలుగు బ్లాగులు చాలావరకు నష్టపోతున్నది రాతలో కాదు. టపా (బ్లాగులో రాసే ఒక్కో వ్యాసం) అడ్రసు, వాట్సాప్‌లో లింకు కనిపించే తీరు, పాఠకుడు వెతికే మాట లాంటి చిన్న విషయాల్లోనే ఆ నష్టం జరుగుతోంది. వీటిని సరిదిద్దుకోవడానికి ఉచిత సాధనాలు చాలు.

సంకలినుల కాలం, ఫీడ్ల కాలం

తెలుగు బ్లాగులు ఊపందుకున్న తొలి రోజుల్లో పాఠకుల కోసం ప్రత్యేకంగా వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయించే లేఖినిలో టైపు చేసి టపా వేస్తే, కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు దాన్ని తమ జాబితాలో చూపించేవి. కొత్త టపా పైకి వచ్చేది, పాతవి కిందికి జరిగేవి. రాసింది పేరున్న బ్లాగరా, నిన్న మొదలుపెట్టిన విద్యార్థా అన్న తేడా ఆ జాబితాకు లేదు. అక్కడికి వచ్చే పాఠకులు తక్కువే అయినా వాళ్లు చదవడానికే వచ్చేవారు.

ఆ ఏర్పాటు ఒక్కరోజులో కూలిపోలేదు. 2013 జులై 1న పలు బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చదివించే గూగుల్ రీడర్ మూతపడింది. అలా బ్లాగులు చదివే అలవాటుకు అది ప్రపంచమంతటా పెద్ద దెబ్బ. అదే సమయంలో రాసేవాళ్లు, చదివేవాళ్లు ఫేస్‌బుక్‌కు తరలిపోయారు. అక్కడ వ్యాఖ్యలు వెంటనే వస్తాయి, లైకులు కనిపిస్తాయి, టెంప్లేట్ల తలనొప్పి ఉండదు.

పైకి చూస్తే సంకలిని, ఫేస్‌బుక్ ఫీడ్ రెండూ ఒకలాంటివే అనిపిస్తాయి. ఇక్కడా కొత్త రాతల జాబితా, అక్కడా కొత్త రాతల జాబితా. కానీ సంకలిని పని పాఠకుణ్ని బయట ఉన్న బ్లాగుకు పంపడం. ఫీడ్ పని పాఠకుణ్ని బయటికి పోకుండా చూడటం. సోషల్ మీడియాతో బ్లాగు పెంచుకోవాలనుకునే ప్రతి ప్రయత్నం ఈ తేడా దగ్గరే తడబడుతోంది.

లింకంటే వేదికలకు ఎందుకు గిట్టదు

ఫీడ్‌లో మనిషి ఎంతసేపు ఉంటే అన్ని ప్రకటనలు చూపించవచ్చు. బ్లాగు లింకు నొక్కిన మనిషి ఆ కాసేపటికి చేజారినట్టే. అందుకే లింకులను పూర్తిగా ఆపకుండానే వాటి దారిని ఇరుకు చేసే ఏర్పాట్లు దాదాపు అన్ని వేదికల్లోనూ కనిపిస్తాయి.

2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్ ఫీడ్ పద్ధతిని మార్చింది. స్నేహితులు, బంధువుల మధ్య మాటలు కలిపే పోస్టులకు పైచోటు ఇస్తామని, పేజీల పోస్టులు తగ్గుతాయని అప్పట్లోనే ప్రకటించింది. పేజీని వేలమంది లైక్ చేసి ఉన్నా కొత్త పోస్టు కొద్దిమందికే చేరడం అప్పటి నుంచి మరీ ఎక్కువైంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాసిన లింకు నొక్కినా తెరుచుకోదు. బయోలో పెట్టాలి, లేదా 24 గంటల్లో మాయమయ్యే స్టోరీలో స్టిక్కరుగా పెట్టాలి. యూట్యూబ్ షార్ట్స్ వివరణలోనూ, వ్యాఖ్యల్లోనూ పెట్టే లింకులు 2023 ఆగస్టు 31 నుంచి పనిచేయడం మానేశాయి. ఇక ఎక్స్ (ఒకప్పటి ట్విట్టర్) విషయానికొస్తే, అసలు పోస్టులో వివరణ రాసి లింకును కింద జవాబులో పెట్టుకోమని దాని యజమాని ఇలాన్ మస్క్ 2024 నవంబరులో బహిరంగంగానే చెప్పారు.

అందుకే "కొత్త టపా రాశాను, చదవండి" అని లింకు ఒక్కటే పెట్టే పోస్టుకు స్పందన ఉండదు. దానిలో వేదికకు లాభం లేదు, ఫీడ్ చూస్తున్న పాఠకుడికి అక్కడికక్కడ దొరికేది కూడా ఏమీ లేదు. టపాలోని ఒక భాగాన్ని దానికదే పూర్తిగా అర్థమయ్యేలా పోస్టు చేసి, మిగతాది కావాలనుకున్నవాళ్లకు లింకు ఇస్తే ఫలితం వేరుగా ఉంటుంది. గోంగూర నిల్వ పచ్చడి మీద టపా ఉందనుకుందాం. ఆకు ఎంతసేపు ఆరబెట్టాలో, తడి మిగిలితే బూజు ఎందుకు పడుతుందో ఫేస్‌బుక్‌లోనే చెప్పేయాలి. కొలతలు, ఫొటోలు, నిల్వ పద్ధతులు బ్లాగులో ఉండాలి. ఫీడ్‌లో చదివినవాళ్లలో ఎక్కువమంది బ్లాగుకు రారు. వచ్చే కొద్దిమంది మాత్రం ఆ విషయం నిజంగా కావాల్సినవాళ్లు. అలాంటి పాఠకులు పేజీ తెరవగానే వెనక్కి పోరు, పక్కనున్న టపా కూడా చూస్తారు.

అన్నీ ఫేస్‌బుక్‌లోనే రాసేస్తే ఇక బ్లాగు దేనికన్న ప్రశ్న సహజమే. మూడేళ్ల కిందటి ఫేస్‌బుక్ పోస్టును రాసినవాళ్లే వెతికి పట్టుకోలేరు. గూగుల్‌లో అది కనిపించడం అరుదు. బ్లాగు టపాకు స్థిరమైన చిరునామా ఉంటుంది. ఈ ఒక్క తేడా కోసమైనా రాత మొదట బ్లాగులో ఉండి, దాని ముక్కలు సోషల్ మీడియాకు వెళ్లడం మంచిది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు.

వాట్సాప్: లెక్కలో కనిపించని దారి

తెలుగు పాఠకుల మధ్య లింకులు బాగా తిరిగేది వాట్సాప్‌లో. బ్లాగుకు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌లో మాత్రం వాట్సాప్ అన్న పేరు దాదాపుగా కనిపించదు. మామూలుగా ఒక వెబ్ పేజీ నుంచి మరో పేజీకి వెళ్తే, ఎక్కడి నుంచి వచ్చారన్న సమాచారం బ్రౌజర్ ద్వారా వెంట వస్తుంది. వాట్సాప్ యాప్‌లో లింకు నొక్కినప్పుడు ఆ సమాచారం రాదు. కాబట్టి ఆ సందర్శకులంతా అడ్రసు నేరుగా టైపు చేసి వచ్చినవాళ్ల ఖాతాలో, అంటే 'డైరెక్ట్'లో పడతారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పంచుకున్న టపాను ఒక్క సాయంత్రంలో వందలమంది చదివినా, అది ఎలా జరిగిందో బ్లాగరుకు తెలియదు.

దీనికి ఉచిత మందు యూటీఎం ట్యాగ్. లింకు చివర మూలం, మాధ్యమం, ప్రచారం అనే మూడు వివరాలు చేర్చడమే ఇది. గూగుల్ ఉచితంగా ఇచ్చే క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్‌లో ఖాళీలు నింపితే లింకు తయారవుతుంది. టపా అడుగున ఉండే వాట్సాప్ షేర్ బటన్‌లో ఒకసారి దీన్ని అమరిస్తే, ఆ బటన్ ద్వారా వెళ్లిన ప్రతి లింకూ వాట్సాప్ పేరుతోనే లెక్కలోకి వస్తుంది. పాఠకులు అడ్రసు బారు నుంచి కాపీ చేసుకున్న లింకులు మాత్రం ఇంకా డైరెక్ట్‌లోనే కలుస్తాయి. అందుకే డైరెక్ట్ అంకె పెరిగితే బ్లాగు పేరు గుర్తుపెట్టుకుని వస్తున్నారని సంతోషపడేముందు, ఏ పేజీకి వస్తున్నారో చూడాలి. హోం పేజీకి వస్తుంటే అది నిజంగా అలవాటైన పాఠకులు కావచ్చు. లోపలున్న పొడవాటి అడ్రసు గల టపాకే వందలమంది వస్తుంటే ఎవరూ దాన్ని చేత్తో టైపు చేయరు. అది చాలావరకు వాట్సాపే.

ఈ దారికి హద్దులు కూడా ఉన్నాయి. పుకార్లను అరికట్టడానికి వాట్సాప్ 2018లో మన దేశంలో ఫార్వర్డును ఒకసారికి 5 చాట్లకు పరిమితం చేసింది. చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. 2023 సెప్టెంబరులో వచ్చిన వాట్సాప్ ఛానళ్లు బ్లాగర్లకు కొంత మేలు చేశాయి. ఛానల్‌లో చేరినవాళ్ల నంబర్లు మిగతావారికి కనిపించవు, గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య లింకు కొట్టుకుపోదు. కాకపోతే గ్రూపులో జరిగే చర్చ ఛానల్‌లో జరగదు.

గ్రూపులో లింకు పడినప్పుడు దానితోపాటు శీర్షిక, బొమ్మ, రెండు ముక్కల వివరణ ఉన్న కార్డు కనిపిస్తుంది. పేజీ శీర్షిక, బొమ్మ, వివరణ ఏవో చెప్పే ఓపెన్ గ్రాఫ్ ట్యాగులను ఫేస్‌బుక్ 2010లో తెచ్చింది, వాటి నుంచే వాట్సాప్ కూడా ఈ కార్డును తయారుచేసుకుంటుంది. టెంప్లేటులో ఆ ట్యాగులు లేకపోతే, లేదా బొమ్మ ఫైలు మరీ పెద్దదైతే, మొండి లింకు మిగులుతుంది. టపాకు 1200 పిక్సెళ్ల వెడల్పు, 630 ఎత్తు ఉన్న బొమ్మ ఒకటి పెట్టి, ఫైలు సైజు తగ్గించి, ముందు తనకు తాను ఆ లింకు పంపుకుని చూసుకుంటే చాలు. బొమ్మ మార్చినా ఫేస్‌బుక్ పాతదే చూపిస్తుంటే దాని షేరింగ్ డీబగ్గర్‌లో అడ్రసు ఇచ్చి మళ్లీ చదివించవచ్చు. బొమ్మలు తయారుచేసుకునే కాన్వా సైటు ఉచిత ఖాతాలో తెలుగు అక్షరాలతో శీర్షిక బొమ్మ చేయడం కష్టమేమీ కాదు. ఒత్తులు, గుణింతాలు ఏ ఫాంటులోనైనా చెదిరిపోతున్నాయేమో ఫోన్‌లో పెద్దది చేసి చూసుకోవాలి.

తెలుగు శీర్షిక అడ్రసుగా మారితే

ఇది తెలుగు బ్లాగులకే ఉన్న చిక్కు. దీని గురించి చర్చ జరగాల్సినంత జరగలేదు.

"గోంగూర పచ్చడి నిల్వ ఉంచే పద్ధతి" అన్న శీర్షికతో గూగుల్ ఉచిత బ్లాగు సేవ అయిన బ్లాగర్‌లో టపా వేస్తే, శీర్షికలో ఇంగ్లిష్ అక్షరాలు లేవు కాబట్టి అడ్రసు చివర 'బ్లాగ్ పోస్ట్' అన్న మాట ఇంగ్లిష్‌లో వచ్చి, పక్కన ఏదో అంకె చేరుతుంది. నూరు టపాలుంటే నూరింటికీ అదే పేరు, అంకెలే తేడా. దేని గురించో అడ్రసు చూసి చెప్పలేం.

మరో బ్లాగు సేవ వర్డ్‌ప్రెస్‌లో ఇబ్బంది ఇంకో రకంగా ఉంటుంది. అది తెలుగు శీర్షికనే అడ్రసుగా తీసుకుంటుంది. అయితే ఇంటర్నెట్ అడ్రసుల్లో తెలుగు అక్షరాలు నేరుగా ప్రయాణించవు. ఒక్కో యూనికోడ్ గుర్తు శాతం చిహ్నాలు, అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు కలిసిన 9 గుర్తులుగా మారుతుంది. గుణింతం, సున్నా, పొల్లు కూడా విడివిడి గుర్తులే. అంటే కంటికి మూడక్షరాలుగా కనిపించే 'గోంగూర' యూనికోడ్‌లో 6 గుర్తులు, అడ్రసులో 54 గుర్తులు. వర్డ్‌ప్రెస్ టపా పేరుకు ఇచ్చే చోటు 200 గుర్తులే. పై శీర్షికలో 'ఉంచే' దాకా వచ్చేసరికి 192 అయిపోతాయి. 'పద్ధతి'లో మొదటి అక్షరానికి కూడా చోటు మిగలదు, అడ్రసు అక్కడే తెగిపోతుంది.

గూగుల్ ర్యాంకు మీద అడ్రసులోని మాటల ప్రభావం స్వల్పమే. నష్టం పాఠకుల నమ్మకం దగ్గర జరుగుతుంది. శాతం గుర్తులతో నాలుగు వరుసలు పాకిన లింకు గ్రూపులో పడితే, సైబర్ మోసాల వార్తలు రోజూ వింటున్నవాళ్లు దాన్ని నొక్కడానికి జంకుతారు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. టపా ప్రచురించే ముందే బ్లాగర్‌లో కస్టమ్ పర్మాలింక్ దగ్గర, వర్డ్‌ప్రెస్‌లో స్లగ్ దగ్గర (రెండూ అడ్రసు చివరి మాటలను మనమే రాసుకునే పెట్టెలు) మూడు నాలుగు చిన్న మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే సమస్య పోతుంది. పాత టపాల అడ్రసులు హడావుడిగా మార్చకూడదు. అప్పటికే పంచుకున్న లింకులన్నీ చెడిపోతాయి. తప్పనిసరైతే పాత అడ్రసు నుంచి కొత్తదానికి రీడైరెక్టు పెట్టాలి. ఆ సౌకర్యం బ్లాగర్ సెట్టింగ్స్‌లోనే ఉంది.

పాఠకులు ఏ మాటతో వెతుకుతున్నారు

ఉచిత సాధనాల్లో ఒక్కటే ఎంచుకోవాలంటే అది గూగుల్ సెర్చ్ కన్సోల్. అనలిటిక్స్ బ్లాగుకు వచ్చినవాళ్ల గురించి చెబుతుంది. సెర్చ్ కన్సోల్ రాకుండా పోయినవాళ్ల గురించి కూడా చెబుతుంది. ఏ మాట వెతికినప్పుడు టపా ఫలితాల్లో కనిపించిందో, ఎన్నిసార్లు కనిపించిందో, ఎంతమంది నొక్కారో, సగటున ఎన్నో స్థానంలో ఉందో గత 16 నెలల లెక్క అందులో దొరుకుతుంది.

ఒక టపా ఫలితాల్లో 4,000 సార్లు కనిపించి 40 క్లిక్కులే తెచ్చుకుందనుకుందాం. సగటు స్థానం 5 అయితే గూగుల్ దాన్ని మొదటి పేజీలోనే చూపిస్తోందని అర్థం. లోపం శీర్షికలో ఉంది. సగటు స్థానం 30 అయితే శీర్షిక మార్చి లాభం లేదు, టపాలోనే విషయం చాలడం లేదు. ఈ రెంటినీ కలగాపులగం చేసి ఊరికే శీర్షికలు మార్చుకుంటూ పోవడం వల్ల చాలామంది నెలలు పోగొట్టుకుంటున్నారు.

తెలుగులో ఇంకో సంగతి ఉంది. తెలుగు చదవగలిగినవాళ్లు కూడా ఫోన్‌లో వెతికేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు టైపు చేస్తుంటారు. 'పులిహోర ఎలా చేయాలి' అన్న మాటలు సెర్చ్ కన్సోల్‌లో ఇంగ్లిష్ లిపిలో నాలుగైదు రకాల స్పెల్లింగులతో కనిపిస్తాయి. అలా ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికినా సందర్భాన్ని బట్టి తెలుగు పేజీలు చూపిస్తామని గూగుల్ 2020 డిసెంబరులో ప్రకటించింది. హిందీ, బంగ్లా, మరాఠీ, తమిళంతోపాటు అప్పుడే తెలుగునూ చేర్చింది. అందువల్ల టపా మొత్తాన్ని ఇంగ్లిష్ లిపిలోకి మార్చి పాడుచేసుకోవాల్సిన అవసరం లేదు. అడ్రసులోనూ, బొమ్మకు ఇచ్చే వివరణలోనూ ఒకసారి ఆ రూపం ఉంటే చాలు.

ఏ మాట ఎప్పుడు ఎక్కువగా వెతుకుతారో గూగుల్ ట్రెండ్స్ చూపిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను విడివిడిగా చూడొచ్చు, ఒకేసారి కొన్ని మాటలు పోల్చుకోవచ్చు. అందులో కనిపించే 100 అన్నది వెతికినవాళ్ల సంఖ్య కాదు. ఆ వ్యవధిలో అత్యధిక స్థాయిని 100గా పెట్టి మిగతావాటిని దానితో పోల్చి చూపే కొలత. వరలక్ష్మీ వ్రతం, ఉగాది పచ్చడి లాంటి మాటల గ్రాఫు ఏటా అదే సమయంలో లేస్తుంది. పండగ రోజు పొద్దున వేసిన టపాను గూగుల్ చూసి, నమ్మి, పైకి తెచ్చేలోగా పండగ అయిపోతుంది. కనీసం కొన్ని వారాల ముందు వేయాలి. వచ్చే ఏడు కొత్త టపా రాయకుండా అదే టపాలో తేదీలు మార్చి, కొత్త వివరాలు చేర్చడం మేలు.

పేర్లే మారిపోయే సందర్భాలు కూడా ఉంటాయి. తెలంగాణలో భూముల రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. పోర్టల్ మారినంత మాత్రాన రైతులు పాత పేరుతో వెతకడం వెంటనే మానరు. ధరణి మీద రాసిన పాత టపాను తీసేసిన బ్లాగు ఆ పాఠకులను పోగొట్టుకుంటుంది. పైన రెండు వాక్యాల్లో మార్పును చెప్పి, కొత్త పద్ధతిని అక్కడే వివరించిన బ్లాగు రెండు పేర్లతో వెతికేవాళ్లకూ ఉపయోగపడుతుంది. భూమి కాగితాల కోసం తిరిగేవాళ్లకు తప్పుడు సమాచారం చేసే నష్టం చాలా పెద్దది. ఇలాంటి టపాలను పాతబడనివ్వకుండా చూడటం ట్రాఫిక్ కోసమే కాదు, బాధ్యత కూడా.

అడ్డదారులు

"నా బ్లాగు నువ్వు చూడు, నీ బ్లాగు నేను చూస్తా" అనే సపోర్టు గ్రూపులు వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో బోలెడన్ని ఉన్నాయి. అంకెలు పెరుగుతాయి, చదివేవాళ్లు పెరగరు. గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ ఉన్న బ్లాగుకైతే ఇది నేరుగా ప్రమాదం. ఒప్పందం మీద వచ్చే సందర్శనలు, క్లిక్కులు చెల్లని ట్రాఫిక్ కిందికి వస్తాయి, ఖాతాయే పోవచ్చు. ఒకే లింకును ఇరవై ఫేస్‌బుక్ గ్రూపుల్లో వరసగా అతికిస్తే స్పామ్‌గా గుర్తిస్తారు. ఆ తర్వాత ఆ అడ్రసును ఎవరు పంచుకున్నా ఇబ్బందే. ర్యాంకుల కోసం కుప్పలు తెప్పలుగా పేజీలు తయారుచేయడాన్ని, అది మనుషులు చేసినా యంత్రాలు చేసినా, గూగుల్ 2024 మార్చిలో స్పామ్ నిబంధనల్లో చేర్చింది. ఏఐతో రోజుకు పది టపాలు వేసే బ్లాగులకు ఇది నేరుగా వర్తిస్తుంది.

ఉచిత సేవ ఆగిపోయినప్పుడు

ఉచిత సేవను ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది దాన్ని నడిపేవాళ్లే. గూగుల్ రీడర్ తర్వాత 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్, 2019 ఏప్రిల్‌లో గూగుల్ ప్లస్ పోయాయి. 2021 జులైలో, కొత్త టపాలను చందాదారులకు పంపే ఫీడ్‌బర్నర్ ఈమెయిల్ చందాలు ఆగిపోవడంతో, చాలా బ్లాగుల్లో పక్కన ఉండే 'ఈమెయిల్ ద్వారా పొందండి' పెట్టె పనికిరాకుండా పోయింది. ఏళ్ల తరబడి చేరిన చందాదారుల జాబితాను అప్పట్లో డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. చేసుకున్నవాళ్లు వేరే సేవకు మారారు. చేసుకోనివాళ్లకు ఆ పాఠకులు మళ్లీ దొరకలేదు. 2023 జులై 1న పాత అనలిటిక్స్ లెక్కించడం ఆపేసింది.

బ్లాగరు చేతిలో నిజంగా ఉండేవి మూడు: సొంత డొమైన్, టపాల బ్యాకప్, పాఠకుల ఈమెయిల్ జాబితా. డొమైన్ ఒక్కదానికే ఏటా కొంత ఖర్చు పెట్టాలి. రేపు బ్లాగర్ నుంచి వర్డ్‌ప్రెస్‌కు మారినా పేరు మారదు కాబట్టి ఆ ఖర్చు దండగ కాదు. బ్లాగర్ సెట్టింగ్స్ నుంచి బ్యాకప్ తీసుకోవచ్చు. ఈమెయిల్ పంపడానికి సబ్‌స్టాక్ లాంటి ఉచిత సేవలున్నాయి, వాటి నుంచి జాబితాను బయటికి తెచ్చుకోవచ్చు. ఫేస్‌బుక్ పేజీ అనుచరులను అలా తెచ్చుకునే దారి లేదు. తెలుగు పాఠకులకు ఈమెయిల్ అలవాటు తక్కువన్నది నిజమే. అయినా ఈమెయిల్ ఇచ్చిన ఆ కొద్దిమందికీ ఏ అల్గారిథం అడ్డు లేకుండా టపా చేరుతుంది. ప్రవాసంలో ఉన్న తెలుగువాళ్లలో ఈ అలవాటు ఎక్కువ కాబట్టి, అమెరికా పాఠకులున్న బ్లాగులకు ఇది ముందే మొదలుపెట్టదగ్గ పని.

సెర్చ్ పేజీలోనే జవాబు వస్తే

ఇప్పుడు సెర్చ్ కూడా సోషల్ మీడియా దారి పడుతోంది. 2024 ఆగస్టులో గూగుల్ మన దేశంలో ఏఐ ఓవర్‌వ్యూలను (ఫలితాల పైన ఏఐ రాసి చూపే సారాంశాలను) ఇంగ్లిష్, హిందీల్లో మొదలుపెట్టింది. తర్వాత భాషలు పెరిగాయి. వెతికినవాళ్లకు జవాబు ఫలితాల పైనే కనిపిస్తే, ఆ జవాబు ఏ పేజీ నుంచి వచ్చిందో ఆ పేజీకి వెళ్లే అవసరం తగ్గుతుంది. సెర్చ్ కన్సోల్‌లో దీని గుర్తు ఇలా ఉంటుంది: ఫలితాల్లో కనిపించే సంఖ్య నిలకడగా ఉంటుంది, స్థానం మారదు, క్లిక్కులు మాత్రం తగ్గుతాయి.

దెబ్బ అన్ని టపాలకూ సమానంగా తగలదు. ఏకాదశి ఏ రోజు, ఫలానా పథకానికి చివరి తేదీ ఎప్పుడు లాంటి ఒక్క ముక్క జవాబు మీద బతికే టపాలు ముందు పోతాయి. ఏజెన్సీ సంతల్లో దొరికే దుంపల గురించి ఫొటోలతో రాసినది, పాత తాలూకా పేర్లకు ఇప్పటి మండలాలతో జత కూర్చినది, ఫారం నింపేటప్పుడు ఎక్కడ తిరస్కరిస్తున్నారో అనుభవంతో చెప్పినది నాలుగు వాక్యాల సారాంశంలో ఇమడవు. తెలుగులో ఇలాంటి విషయాల మీద పేజీలు ఇప్పటికీ చాలా తక్కువ. వెతికేవాళ్లు ఉండి రాసినవాళ్లు లేని మాటలు ఏ బ్లాగుకైనా తన సొంత సెర్చ్ కన్సోల్‌లోనే దొరుకుతాయి. టపా ఫలితాల్లో 20వ స్థానంలో ఉండి కూడా క్లిక్కులు తెచ్చుకుంటున్న మాటలు ఏవో చూస్తే సరిపోతుంది. రెండో పేజీ దాకా వెళ్లి మరీ నొక్కారంటే, ముందున్న ఫలితాల్లో వాళ్లకు కావాల్సింది దొరకలేదు. తర్వాతి టపా ఆ మాట మీద రాయవచ్చు.